ఎర్రగింజల గుట్టకు అర్జీ

ఖాజాగూడ నుంచి మణికొండ వైపు నడిస్తే ఎడమ చేతిన ఒక బోడగుట్ట ఉండేది. ఎత్తు పెద్దగా లేదు. పడుకున్న బర్రె వీపులా నున్నగా, బూడిద రంగులో ఉండేది. దానికి పేరు లేదు. మా కాగితాల్లో కూడా "చెరువుకు పడమటి రాయి" అనే రాసి ఉండేది. ఇప్పుడు అక్కడ అద్దాల మేడ ఉందని, భూమిలోపల మూడంతస్తుల లోతున కార్లు నిలుపుతారని విన్నాను. చూడటానికి వెళ్ళలేదు.

జాగీర్లు సర్కారులో కలిసిన ఏటి చలికాలం సంగతి చెబుతున్నాను. పట్నంలోని హవేలీ అప్పటికే మాది కాదు. మా నాయన పోయి రెండేళ్ళయింది. ఒకప్పుడు మావాళ్ళు వేటకు వస్తే దిగే రెండు గదుల బంగళా ఖాజాగూడ చెరువు దగ్గర ఉంటే, అమ్మా నేనూ అందులోకి వచ్చాము. వచ్చినవాళ్ళతో అమ్మ "ఇక్కడ గాలి మంచిది" అనేది. వచ్చేవాళ్ళు తక్కువ కనుక ఆ మాట ఎక్కువసార్లు అనవలసి రాలేదు.

రాళ్ళ పిచ్చి నాకు అంతకుముందే ఉంది. ఎప్పుడో ఆ బంగళాకు భూగర్భ శాస్త్రం చదివిన పెద్దమనిషి ఒకాయన అతిథిగా వచ్చాడు. అందరూ కౌజుపిట్టల వేటకు పోతే ఆయన మాత్రం గుట్ట మీద తిరిగి, శనగగింజంత రాయి ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. చూస్తే నల్లగా ఉంది. దీపానికి అడ్డంగా పట్టుకుంటే లోపల ఎరుపు. పట్నంలో నగల వర్తకులు దీన్ని తామడా అంటారని, కెంపుల సరసన కూర్చోబెట్టరని చెప్పాడు. "కాని తిప్పి చూడు. పన్నెండు ముఖాలు. దీన్ని ఎవడూ సానపట్టలేదు. పుట్టుకతోనే ఇట్లా ఉంది" అన్నాడు. ఆ రాయి హవేలీ సామానుతో పాటు ఎక్కడ పోయిందో తెలియదు. ఆ మాట మాత్రం నాతో ఉండిపోయింది.

బంగళాకు వచ్చిన తరువాత పొద్దున్నే గుట్ట మీదికి పోవడం మొదలుపెట్టాను. వాన వెలిసిన మర్నాడు రాతి మీద నీళ్ళు జారిన చాళ్ళలో నల్లటి ఇసుక మిగిలేది. ఎర్రగింజలు ఉండేది అందులోనే. తేలిక ఇసుకను నీళ్ళు మోసుకుపోతాయి. బరువైన రాయిని వదిలేస్తాయి. నాకు వచ్చిన చిక్కల్లా వంగడంతోనే. మా ఇంట్లో మగవాళ్ళు కింద పడినదాన్ని వంగి తీసుకోరు. చేతిరుమాలైనా సరే, ఎవరో ఒకరు తీసి ఇవ్వాలి. అది గర్వమని నాకెవరూ చెప్పలేదు. అన్నం కుడిచేత్తో తినాలని చెప్పినట్టే చెప్పారు. అందుకని నిలబడే చేతికర్రతో ఇసుకను కదిలించేవాణ్ణి. ఏదైనా మెరిస్తే నాలుగు వైపులా చూసి, ఎవరూ లేరనుకున్నాక గభాలున వంగి జేబులో వేసుకునేవాణ్ణి. రెండు నెలల్లో దొరికినవి పదకొండు.

ఒకరోజు గుట్ట దగ్గరికి పోయేసరికి సుత్తి చప్పుడు వినిపించింది. యాభై దాటిన మనిషి ఒకడు రాతి మీద అక్కడక్కడ కొడుతూ, చెవి ఆనించి వింటున్నాడు. అతని భార్య కట్టెల మోపులు తెచ్చి వరసగా పేరుస్తోంది. రాళ్ళు కొట్టే మేస్త్రి అని చూడగానే తెలుస్తోంది. నా నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

"ఎవరి ఇజాజత్‌తోని కొడుతున్నరు?"

అతను తల ఎత్తాడు. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు. కాని ఒకప్పుడైతే ముందుగా వినిపించే "బాంచెన్" అన్న మాట వినిపించలేదు.

"సర్కారు ఇజాజత్ దొరా. గుత్తకిచ్చిన్రు. సడక్‌కు కంకర గావాలెనంట. మల్ల నువ్వెవరి ఇజాజత్‌తోని ఏరుతున్నవ్?"

ఎకసెక్కం కాదు. నిజంగానే అడిగాడు. నేను వంగడం అతను చాలాసార్లు చూసి ఉండాలి. ఆనాడు నా జేబులో రెండు గింజలు ఉన్నాయి. తీసి రాతి మీద పెట్టాను.

అతని భార్య నవ్వింది. "అయ్యో, గా ఎర్రగింజలకు గింత రోషమా! తీస్కపో దొరా, ఎవలద్దన్నరు?"

"వద్దనడానికి ఎవరూ లేరు. అందుకే తీసుకుపోను" అన్నాను.

ఆ మాట ఆమెకు అర్థమైనట్టు లేదు. నాకు మాత్రం బాగా అర్థమైంది. మా వాళ్ళు వందేళ్ళు ఆ ఊళ్ళ మీద తిని ఉండవచ్చు. ఏది తిన్నా జాగీరు సనద్ కాగితం చూపించి తిన్నారు. సనద్ పోయాక అదే నేల మీద జేబులు నింపుకుంటూ తిరిగితే, అంతకుముందు తిన్నదంతా కూడా దొంగతనమే అయిపోతుందని నాకనిపించింది. ఆ ఆలోచనలో ఎంత న్యాయం ఉందో ఇప్పటికీ చెప్పలేను.

మేస్త్రి పని ఎట్లా సాగుతుందో అడిగాను. రాతి మీద కట్టెలు పరిచి మంట పెడతారు. వేడికి రాయి పైపొర లోపలి నుంచి విడిపోతుంది. చప్పుడును బట్టి ఎక్కడ విడిందో పసిగట్టి, సమ్మెటతో కొట్టి, పలకలు పలకలుగా లేపుతారు. మరి ఎర్రగింజలో?

"మంటకు పేలాల్లెక్క పేల్తయ్. గింజలున్న రాయి మంచిది గాదు దొరా, పొర సక్కగ లేవది. ఉలి తగుల్తే ఎగురుతది. గిది కంకరకు గాబట్టి నడుస్తది."

"మంట ఎప్పుడు?"

"ఇంక కట్టె జాలది. మల్లొచ్చే బేస్తారం పొద్దుగాల పెడ్తం."

అంటే వచ్చే గురువారం కాక ఆ పై గురువారం, పద్నాలుగు రోజులు. ఆ లోపల అనుమతి రావాలి. లేకపోతే గుట్టలోని గింజలన్నీ పేలాలైపోతాయి.

మర్నాడు హఫీజ్‌పేట్ స్టేషను దాకా నడిచి రైలెక్కి పట్నం పోయాను. అర్జీ ముందు రాత్రే ఉర్దూలో రాసి పెట్టుకున్నాను. కచేరీలో గుమాస్తా నల్లగొండ వైపు నుంచి కొత్తగా వచ్చిన యువకుడు. కాగితం రెండుసార్లు చదివి, వెనక్కి తిప్పి కూడా చూశాడు.

"సాబ్, ఇది ఎవరికి రాసిన్రు?"

"మీ కచేరీకే."

"మాకా? మీరే మాకేదో ఇస్తున్నరనుకున్న."

పక్కబల్ల దగ్గరివాళ్ళు నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. కాగితం నా వైపు తిప్పి, పైన మొదట్లోనే నేను వేసిన మా ఇంటి మొహరు ముద్ర మీద వేలు పెట్టాడు. దాని కింద, ఫలానా గుట్ట మీది ఎర్రరాళ్ళు ఏరుకొనుటకు నిశ్చయమైనది గనుక సంబంధిత ఉద్యోగులు అడ్డు రాకుండా చూచుకొనవలసినది అని ఉంది.

"ఇది అర్జీ గాదు సాబ్, హుకుం. ఇట్ల రాస్తే మా సాబ్ నన్ను పరేషాన్ చేస్తడు."

నేను అహంకారంతో రాయలేదు. మా ఇంట్లో కాగితమంటే అట్లాగే ఉండేది. ఇవ్వడానికో ఆపడానికో రాసేవారు గాని, అడగడానికి రాయగా నేను చూడలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చినా నాకు అర్జీ రాయడం రాదని అప్పుడే తెలిసింది.

రెండోసారి మొహరు లేకుండా రాసుకుపోయాను. అక్కడా ఇక్కడా మెత్తటి మాటలు చేర్చాను. గుమాస్తా చదివి, "ఇది జర నయం" అన్నాడు. తరువాత కలం పట్టుకుని అడగడం మొదలుపెట్టాడు.

"ఈ రాళ్ళు అమ్ముతరా?"

"లేదు."

"ఉంగరం గింగరం చేయిస్తరా?"

"లేదు."

"పూజకా? గ్రహాలకేమన్ననా?"

"కాదు."

"మరి ఏం జేస్తరు సాబ్? ఇక్కడ ఏదో ఒకటి రాయాలె గద."

ఉన్నమాట ఒక్కటే ఉంది.

"చూస్తాను."

"చూసి?"

"చూడటమే."

అతను నన్ను చాలాసేపు చూశాడు. తలకాయ బాగున్నట్టే ఉందని తేల్చుకున్నాడో ఏమో, "చూచుటకు" అని రాశాడు. ఆ తరువాత అసలు చిక్కు చెప్పాడు. కొత్త కాయిదా ప్రకారం, అర్జీ పెట్టినవాడు ఫలానావాడేనని ఆ ఊరివాళ్ళు ఇద్దరు షనాఖ్తు ఇవ్వాలి. అంటే మనిషిని ఎరుగుదుమని చెప్పి సంతకమో వేలిముద్రో వేయాలి.

"నన్ను ఎరుగుదుమని ఇంకొకరు చెప్పాలా?"

"నేను ఎరుగను గద సాబ్" అన్నాడు మెల్లగా. "మొహరంటే ఎవలన్న చెక్కించుకోవచ్చు."

తిరుగు రైల్లో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఊళ్ళో చదువుకున్నవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళలో ఎవరింటి ముందు నిలబడి అడిగినా చేస్తారు. చేసి, ఆ సంగతి ఊరంతా చెబుతారు. మూడు రోజులు ఎవరి దగ్గరికీ పోలేదు. పొద్దున్నే గుట్ట దగ్గర దూరంగా నిలబడి, కట్టెల వరస ఎంత పెరిగిందో చూసి వచ్చేవాణ్ణి. నాలుగో రోజున కట్టెలు రాతి నడిమి దాకా వచ్చాయి. కాగితం తీసుకుని మేస్త్రి దగ్గరికి పోయాను.

సంగతి విని అతను చేతులు తుడుచుకున్నాడు గాని, కాగితం అందుకోలేదు.

"వేలు పెడితే మాకేమైతది?"

"నేను షరతు తప్పితే మిమ్మల్ని పిలుస్తారు."

"మా నాయన గూడ పెట్టిండు దొరా, మీ కచేర్ల. వేలుముద్ర. ఏంటికని ఆయనకు సచ్చేదాంక తెల్వలె. నెలకు పది రోజులు మీ మెట్లు చెక్కేటందుకు పొయ్యేటోడు."

మా హవేలీ మెట్లు నాకు గుర్తున్నాయి. పన్నెండు మెట్లు, ఒక్క చోట కూడా అతుకు కనిపించేది కాదు. వచ్చినవాళ్ళు ముందుగా వాటిని మెచ్చుకునేవారు. చెక్కినవాడికి మేం ఏమిచ్చామని ఎవరూ అడగలేదు, నాతో సహా.  

"సదివి చెప్పు" అన్నాడు అతను. "మొత్తం సదువు."

ఉర్దూ కాగితాన్ని ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ చదివాను. అంతకుముందు నేను ఎవరికీ కాగితం చదివి వినిపించలేదు. నాకు వినిపించేవారు. నా పేరు వచ్చిన చోట అతని భార్య ఆపింది.

"గదెవలు?"

"నేనే."

"నీకు పేరున్నదా దొరా!" అని ఆమె పకపక నవ్వింది. "దొరనే అనుకున్నం గద ఇన్నొద్దులు. మల్లొక్కసారి చెప్పు."

నా పేరు నా నోటితో నేను చెప్పవలసి రావడం ఆనాడే మొదలు. ఎక్కడికి పోయినా నాకంటే ముందు ఎవరో చెప్పేవారు. రెండోసారి చెప్పాను. ఆమె పెదవులు కదుపుతూ అనుకుని చూసింది. "పేరు మంచిగనే ఉన్నది. పెట్టుయ్య వేలు. గింజలకే గద" అంది మొగుడితో.

"నువ్వు గూడ పెట్టాలె. ఇద్దరు గావాలెనంట."

"నా వేలు సర్కారుకు చెల్లుతదా?"

"ఎందుకు చెల్లదు? రోజూ రాళ్ళు మోసేది గా వేలే గద."

ఇద్దరి వేళ్ళకూ గీతలు సరిగ్గా మిగల్లేదు. రాతిపని అరగదీసింది. ముద్రలు రెండూ నల్లటి మచ్చల్లాగే పడ్డాయి. గుమాస్తా వాటిని చూసి ఏమంటాడోనని దారంతా ఆలోచించాను. అతను చూసి కాగితాన్ని దస్త్రంలో పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున కచేరీలో హుకుం చేతికిచ్చారు. హుకుం అంటే ఇట్లా ఉంటుందని, అందుకునేవాడి వైపు నుంచి మొదటిసారి చూశాను. రాతి పైన విడిగా పడి ఉన్నవి మాత్రమే ఏరుకోవచ్చు. ఇనుప పనిముట్టు తాకరాదు. ఇతరుల చేత ఏరించరాదు. గడువు బుధవారం పొద్దుగూకే వరకు. షరతు తప్పితే షనాఖ్తు ఇచ్చినవారు జవాబుదారులు.

రైలు దిగి నేరుగా గుట్ట మీదికే పోయాను. మేస్త్రి ముందు ఇక దాచడానికేమీ లేదు కనుక అతను చూస్తుండగానే వంగాను. వంగి వంగి సాయంత్రానికి నడుము పట్టేసింది. దొరికినవి నాలుగు. అతని భార్య కట్టెలు దించి, నా పక్కన నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది.

"కొంగ లెక్క వంగితే ఏం దొరుకుతది? కూసో. కూసోని, కన్ను రాయికి ఆనిచ్చి సూడు. పొద్దు ఎదురుంగ ఉండాలె."

"బట్టలు..."

"ఉతుకుతే పోతది."

గొంతుక్కూర్చున్నాను. తరువాత మోకాళ్ళ మీదికి వచ్చాను. చివరికి చెంప రాతికి ఆనింది. వాలుపొద్దు ఎండ రాతి మీద అడ్డంగా పడుతోంది. నిలబడి చూసినప్పుడు నల్లటి ఇసుకగా ఉన్నది కాస్తా, అక్కడి నుంచి చూస్తే చుక్కలు చుక్కలుగా ఎర్రగా వెలుగుతోంది. పిండిలో చీమలు పాకినట్టు, చాలు పొడుగునా గింజలే. రెండు నెలలు వాటి మీదనే నడిచాను.

మంగళవారం, బుధవారం పగలంతా పగుళ్ళలోని ఇసుకను వేళ్ళతో తీసి, నీళ్ళ సత్తుగిన్నెలో కడిగి, అడుగున మిగిలినదాన్ని గుడ్డ మీద ఆరబోశాను. చాలావరకు విరిగినవే. ముఖాలు చెడకుండా ఉన్నవి వేరుగా పెట్టాను. జొన్నగింజంతవి ఎక్కువ, కందిగింజంతవి కొన్ని. ప్రతిదాన్నీ ఎండకు పట్టి తిప్పేవాణ్ణి. ఒకే గుట్టలో పుట్టినా ఒకదాని ఎరుపు ఒకదానికి లేదు. కొన్ని అల్లనేరేడు పండు రంగు, కొన్ని తేనెకు దగ్గర. వాటిని చూస్తున్నంతసేపూ హవేలీ, కాగితాలు, మా ఇంటికి రావడం మానినవాళ్ళు, అమ్మ చెప్పే గాలి మాట, ఏదీ నా లోపల లేదు. గుమాస్తా రాసిన "చూచుటకు" అన్న మాటకు అర్థం అదేననుకుంటాను.

బుధవారం పొద్దు వాలుతుండగా ఒక వరస కట్టెల పక్కన చెంప ఆనించి చూస్తుంటే అది కనిపించింది. కుంకుడుకాయంత గింజ. రాతిలో సగం మునిగి, సగం పైకి ఉంది. పైకున్న ముఖాలు నాలుగు లెక్కపెట్టాను. ఒక్క అంచు కూడా అరగలేదు. ఎండ దాని లోపలిదాకా పోయి నిలిచింది. వేలితో కదిపాను. కదల్లేదు.

మేస్త్రి వచ్చి చూసి ఉలి తీశాడు. "ఒక్క దెబ్బ. నేను కొడ్త, నువ్వు తియ్. సుట్టూ రాయి కుల్లిపోయింది, అల్కగ వస్తది."

"విడిగా పడి ఉన్నవే అని రాశారు."

"కొట్టినంక ఇడిగనే ఉంటది గద దొరా."

అతని భార్య కూడా అంది: "రేప్పొద్దుగాల ఎట్లైన పేల్తది. పోయేదానికి షరతేంది?"

ఇద్దరూ చెప్పింది సరైనదే. ఆ గుట్ట మీద మేము ముగ్గురం తప్ప ఎవరూ లేరు. నాకు ఆ రాయి ఎంత కావాలనిపించిందో ఇన్నేళ్ళ తరువాత కూడా చెప్పగలను. నేను ఒక్కణ్ణే అయితే ఏం చేసేవాణ్ణో తెలియదు. వంశం మాట, సనద్ మాట చెప్పుకుని లేచిపోయేవాణ్ణేమో, లేక కొట్టమనేవాణ్ణేమో. కాని కచేరీలో ఒక కాగితం మీద రెండు నల్లటి మచ్చలున్నాయి. అందులో ఒకటి ఈ ఉలి పట్టుకున్న వేలిది.

"వద్దు. మీ వేళ్ళున్నాయి" అన్నాను.

మేస్త్రి ఉలి నడుముకు దోపుకున్నాడు. పొద్దు గుట్ట వెనక్కి జారేదాకా ఆ గింజ పక్కనే పడుకుని చూశాను. తరువాత గుడ్డ మూట కట్టుకుని ఇంటికి పోయాను.

బేస్తారం పొద్దున పోవలసిన పని లేదు. అయినా పోయాను. మంట నడుము ఎత్తున లేచింది. చాలాసేపు కట్టెల చిటపటలు తప్ప ఏమీ లేదు. తరువాత రాతి లోపల ఎక్కడో మూత తెరుచుకున్నట్టు మెత్తటి చప్పుడైంది. మేస్త్రి చేయెత్తి మా ఇద్దరినీ ఊరుకోమన్నాడు. ఆ చప్పుడు మధ్యలో చిన్న చిన్న టపటపలు. గింజలు పేలుతున్నాయి.

మంట ఆరాక బూడిద ఊడ్చారు. సమ్మెట దెబ్బలకు పలక ఒకటి లేచి పక్కకు ఒరిగింది. ఆ చోటు నాకు గుర్తుంది, ముందురోజు గింజను చూసిన చోటే. అక్కడ ఎర్రటి పొడి కొంచెం ఉంది, గాలికి పోతోంది. గింజ కూర్చున్న గుంట మాత్రం పలకలో అట్లాగే ఉంది. దానికి ముఖాలున్నాయి. రాయి తన లోపల ఇన్నాళ్ళు పట్టుకున్నదాని ఆకారాన్ని లోపలి నుంచి చెక్కిపెట్టినట్టు, ఒక్కో అంచూ స్పష్టంగా ఉంది. అంతవరకు నాకు కనబడని ముఖాలు అవే.

మోకాళ్ళ మీద కూర్చుని గుంటలో వేలు పెట్టాను. ఇంకా వేడిగా ఉంది. ఒక్కొక్క ముఖాన్నీ తడుముతూ లెక్కపెట్టాను. మేస్త్రి సమ్మెట దించి కొంతసేపు ఆగాడు.

"ఇగ లెవ్వు దొరా" అంది అతని భార్య. "పని నడ్వాలె."

లేచి పక్కకు జరిగాను.